గుఱ్ఱపు లెక్క, ఇంటి లెక్క

(చదువవలసిన భాగములు: ప్రసంగి 9వ అధ్యాయము, 1 కొరింథీయులకు 9వ అధ్యాయము)



రైతు సంతకు పోయి ఎద్దును కొనునప్పుడు ఊరక కొనడు. నోరు తెరిచి పండ్లు చూచును. గిట్టలు తట్టి చూచును. సుడులు చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. అమ్మువాడు చెప్పిన మాటలో సగము తీసివేసి, మిగిలిన సగమును తన కంటితో సరిచూచుకొనును. ఇది తప్పని ఏ సంఘపెద్దయు ఎన్నడును అనలేదు. దేవుడు మనకు కన్నులను, వివేచనను ఇచ్చినది ఇందుకే గదా!

అయితే అదే కన్నుతో, అదే వివేచనతో పందెపు గుఱ్ఱమును పరీక్షించి, దానిమీద పైకము ఒడ్డినయెడల అది పాపమగునా? ఇది మేము కల్పించుకొన్న ప్రశ్న కాదు. బీరంగూడలో ఒక సహోదరుడు మమ్మును అడిగిన ప్రశ్న.

బీరంగూడను నేడు పల్లె అనుటకు వీలులేదు, పట్నము అనుటకు మనసొప్పదు. గుట్టమీద మల్లన్న గుడి, క్రింద ముంబయి రహదారి, ఒక ప్రక్క రామచంద్రాపురము, మరియొక ప్రక్క పటాన్‌చెరువు ఫ్యాక్టరీలు. ఒకప్పుడు జొన్న పండిన నేలలో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు మొలిచియున్నవి. మెదకు, సంగారెడ్డి ప్రాంతపు పల్లెలనుండి మన విశ్వాసుల కుటుంబములు అనేకము పనికొరకు ఇక్కడికి వచ్చి స్థిరపడినవి. ఆ సహోదరుడు అట్టివారిలో ఒకడు. ఫ్యాక్టరీలో షిఫ్టుపని. కష్టజీవి, మృదుభాషి. ప్రార్థన కూటము మానడు. అయితే కొంతకాలముగా ఆదివారపు ఆరాధన ముగియకముందే లేచిపోవుచుండెను. మేము చూచియు అడుగలేదు.

ఒక ఆదివారము మేము జూదమును గూర్చి ప్రసంగించితిమి. ఆ వారములోనే ఒక సాయంకాలము అతడు మా యింటికి వచ్చెను. చేతిలో రేసుల పుస్తకమొకటి మడిచి పట్టుకొనియుండెను.

"అయ్యగారూ, జూదం పాపమని చెప్పిన్రు. మంచిదే. కాని రేసులు జూదం కాదు. సుప్రీంకోర్టే చెప్పింది. ఇది లెక్క. చదువుకున్నోళ్ల పని. మీరు గూడ ఒకసారి చూడున్రి" అనెను.

మేము వెంటనే జవాబియ్యలేదు. సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చువాడు మూఢుడని సామెతల గ్రంథము మనకు నేర్పుచున్నది. కాబట్టి దీపము దగ్గరకు జరిపి, "సరే నాయనా, చెప్పు, వినెదము" అంటిమి. అతడు చెప్పినదానిలో అబద్ధమేమియు లేదు. అందుచేత దానిని మీకును చెప్పుచున్నాము.

అడ్డంకులు దూకు పని లేక, చదునైన పచ్చికబాటమీద గుఱ్ఱములు పరుగెత్తు పందెములే మలక్‌పేటలో జరుగునవి. పొట్టి దూరపు పందెములును, దీర్ఘదూరపు పందెములును ఉండును. పందెమునకు ముందు ప్రతి గుఱ్ఱమును గూర్చియు ఒక చిన్న చరిత్ర అచ్చువేయుదురు. చదువనెరిగినవాడు దానిలో మొదట చూచునది వంశము. ప్రపంచమందలి ఈ జాతి పందెపు గుఱ్ఱములన్నిటికిని మగవైపు వంశము ఇంగ్లాండు దేశమునకు తూర్పు దేశములనుండి కొనిపోబడిన మూడు పోతుగుఱ్ఱములయొద్దకు చేరునట. తండ్రి పొట్టి దూరములో మెరుపువలె పోయినదా, దీర్ఘదూరములో ఓర్చుకొని నిలిచినదా అనునదానిబట్టి పిల్ల గుణమును ఊహింతురు.

రెండవది గత పరుగులు. దీనినే వారు ఫారము అందురు. పోయిన ఐదారు పందెములలో ఎన్నవదిగా వచ్చినదో అంకెలు వరుసగా ఉండును. తెలియనివాడు ఒకటి అంకె చూచి మురిసిపోవును. తెలిసినవాడు అంతటితో ఆగడు. బలహీనమైన గుఱ్ఱముల నడుమ మొదటిదిగా వచ్చుటకంటె, గట్టి గుఱ్ఱముల నడుమ మూడవదిగా వచ్చుట మేలని అతడెరుగును. ఆ పరుగు ఏ దూరములో, ఏ నేలమీద జరిగెనో చూచును. వానకు మెత్తబడిన బాటలో కొన్ని గుఱ్ఱములు ఈదినట్లు పోవును. కొన్ని కాలు సాగక వెనుకబడును.

మూడవది బరువు. ఇది మాకు మిక్కిలి వింతగా తోచెను. అనేక పందెములలో మంచి గుఱ్ఱమునకు ఎక్కువ బరువును, సామాన్యమైన గుఱ్ఱమునకు తక్కువ బరువును నిర్ణయించు అధికారి యొకడుండును. జాకీయు, జీనును కలిపి ఆ బరువునకు తగ్గినయెడల సీసపు బిళ్లలు చేర్చుదురు. పరుగుకు ముందును తరువాతను జాకీని తూకము వేయుదురు. ఒక్కొక్కప్పుడు రెండు గుఱ్ఱములకు నడుమ ఐదారు కిలోల తేడా ఉండును. ఇవి గాక, జాకీ ఎవడు, తర్ఫీదు ఇచ్చినవాడెవడు, ఉదయపు సాధనలో ఎంత వేగముగా పోయినది, చీటీలో ఏ గేటు వచ్చినది, పరుగుకు ముందు నడిపించునప్పుడు చర్మము నిగనిగలాడుచున్నదా, ఊరక చెమటపట్టి బెదురుచున్నదా, ఇవన్నియు చూతురు. గెలుపు ఓటములకు నడుమ తేడా ఒక్కొక్కప్పుడు మెడ పొడవు, ఒక్కొక్కప్పుడు ముక్కు పొడవు మాత్రమే. ఫొటో తీసి తీర్పు చెప్పుదురు.

ఇదంతయు అతడు చెప్పుచుండగా మేము అతని ముఖము చూచితిమి. పదవ తరగతితో చదువు ఆగిపోయినవాడు, పండితునివలె మాటలాడుచుండెను. ఇంత జ్ఞాపకశక్తి, ఇంత ఓపిక అతనిలో ఉన్నవని మేము ఎన్నడును ఎరుగము.

అతడు చెప్పిన కోర్టు సంగతియు నిజమే. తమిళనాడు ప్రభుత్వము 1974లో గుఱ్ఱపు పందెములను రద్దుచేయ తలపెట్టి చట్టము చేయగా, ఆ వివాదము పోయి పోయి సుప్రీంకోర్టు చేరెను. 1996లో ఆ న్యాయస్థానము, గుఱ్ఱపు పందెములో గెలుపు అదృష్టముమీద గాక ముఖ్యముగా నైపుణ్యముమీద ఆధారపడునని తీర్పు చెప్పెను. గుఱ్ఱపు శక్తి, జాకీ సామర్థ్యము, బరువు, దూరము ఇవన్నియు తెలిసికొని తూచదగినవేనని దాని భావము. అంతకుముందు 1968లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యెములో రమ్మీ ఆటను గూర్చియు అట్లే చెప్పియుండెను. అయినను 2017లో తెలంగాణ ప్రభుత్వము పైకమొడ్డి ఆడు రమ్మీని నిషేధించెను. రేసుల పందెపు సొమ్ముమీద 28 శాతముగా నున్న పన్ను 2025లో 40 శాతమునకు పెంచబడెను. ఒకే సంగతిని చట్టము ఒక కాలమున ఒక విధముగాను, వేరొక కాలమున వేరొక విధముగాను చూచునని దీనివలన తెలియుచున్నది. చట్టము అనుమతించినది కాబట్టి మనస్సాక్షికి పని లేదని అనుకొనరాదు.

హైదరాబాదులో ఈ రేసులు నిన్న మొన్నటివి కావు. నిజాముల కాలమున 1868లో మౌలాలిలో ఆరంభమై, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కాలమున 1886లో మలక్‌పేటకు మారెను. దక్కన్ డెర్బీ, గోల్కొండ డెర్బీ అనునవి అక్కడ పేరుపొందిన పందెములు. గుఱ్ఱములను పెంచువారు, మేపువారు, లాడములు కొట్టువారు, వైద్యము చేయువారు అనేకులు ఆ పనిమీద బ్రదుకుచున్నారు. దేవుడు యోబుతో మాటలాడినప్పుడు గుఱ్ఱపు బలమును, ధైర్యమును గూర్చి ఎంత మహిమగా వర్ణించెను! ఆ జంతువు పరుగెత్తుటయు పాపము కాదు, చూచి సంతోషించుటయు పాపము కాదు. గనుక మనము విచారింపవలసినది గుఱ్ఱమును కాదు, కిటికీ దగ్గర చేయి చాపి పైకము కట్టువానిని.

అతడు చెప్పినది విని మేము, "నాయనా, నైపుణ్యమున్నదని ఒప్పుకొంటిమి. ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము" అంటిమి.

నూరుమంది మనుష్యులు తలకు పది రూపాయల చొప్పున పందెము కట్టిరనుకొందము. వెయ్యి రూపాయలు పోగైనవి. అందులో పన్ను, క్లబ్బు ఖర్చు క్రింద రెండువందలు పోయినవనుకొందము. మిగిలిన ఎనిమిది వందలను గెలిచిన గుఱ్ఱముమీద కట్టినవారికి పంచుదురు. టోటు అను పద్ధతి ఇదియే. ఆ గుఱ్ఱముమీద నలుబదిమంది కట్టియుండిరా, ఒక్కొక్కనికి ఇరువది వచ్చును. అది మంచి గుఱ్ఱమని అందరును గుర్తించి ఎనుబదిమంది కట్టియుండిరా, ఒక్కొక్కనికి పదియే వచ్చును. అనగా తన పది తనకు వచ్చును. ఎనుబదిమంది లెక్కయు సరియైనది, గుఱ్ఱము గెలిచినది, అయినను లాభము సున్న!

కాబట్టి అక్కడ గెలుచుటకు గుఱ్ఱము తెలిసియుండుట చాలదు. మన ప్రక్కన నిలిచిన నూరుమందికంటె ఎక్కువ తెలిసియుండవలెను. అదియును, తీసివేయబడు భాగమును మించునంత ఎక్కువగా తెలిసియుండవలెను. పైగా బరువు నిర్ణయించు అధికారి పని ఏమి? గుఱ్ఱములన్నియు ఒక్కసారి గమ్యము చేరునట్లు సరిచేయుటయే గదా! మన జ్ఞానము ఏ తేడామీద నిలిచినదో, ఆ తేడానే సీసముతో తూచి కొట్టివేయుచున్నారు.

అంతయు తెలిసినను తెలియనిది మిగులును. అమెరికా దేశమున మ్యాన్ ఓ వార్ అను ప్రసిద్ధమైన గుఱ్ఱముండెను. తన జీవితములో 21 పందెములు పరుగెత్తి 20 గెలిచెను. ఓడినది ఒక్కటే, 1919లో సారటోగా అనుచోట. ఆ దినమున తన్ను ఓడించిన గుఱ్ఱముకంటె అది 15 పౌనులు ఎక్కువ బరువు మోసెను, బయలుదేరుటలోను వెనుకబడెను. గెలిచిన గుఱ్ఱము పేరు అప్‌సెట్. ఆ మాటకు తలక్రిందులు చేయుట అని అర్థము. దానిని తెలిసియే పేరు పెట్టిరా అన్నట్లున్నది! వేగముగలవారే పరుగులో గెలుతురనుట లేదని, కాలమును అనుకొనని సంభవమును అందరికిని కలుగునని ప్రసంగి చెప్పినప్పుడు ఇట్టి దినములనే మనస్సులో ఉంచుకొని చెప్పెనేమో.

ఇది విని సహోదరుడు ఊరకుండలేదు. "అట్లయితే అయ్యగారూ, మా నాయన వాన వస్తదో రాదో తెల్వకుంట విత్తనం ఏసిండు. అది జూదం కాదా? వ్యాపారి సరుకు కొంటడు, ధర పడిపోతది. అది జూదం కాదా?" అనెను.

ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు దొరకనియెడల మిగిలిన మాటలకు బలములేదు. మేము ఆలోచించి చెప్పినది ఇది. రైతు కష్టనష్టమును తానుగా కల్పించుకొనలేదు. వాన దేవుని చేతిలో నున్నది. ఎవడో ఒకడు ఆ అపాయమును మోయనిదే లోకమునకు అన్నము లేదు. రైతు మోసెను. పంట పండినప్పుడు అతని యింటిలోను అన్నమున్నది, కొన్నవాని యింటిలోను అన్నమున్నది. అతని లాభము మరియొకని కడుపు కాల్చి వచ్చినది కాదు. రేసులో నష్టమన్నది ముందు లేదు. మనము పైకము కట్టి దానిని పుట్టించితిమి. గెలిచినవాడు తన పదికి మించి ఇంటికి తెచ్చిన పది రూపాయలు గుఱ్ఱము సంపాదించి యిచ్చినవి కావు. ప్రక్కన నిలిచి ఓడిన అరువదిమంది జేబులలోనివి. వారిలో ఒకడు తన బిడ్డ మందులకు ఉంచిన పది తెచ్చెనేమో! మనకు తెలియదు, మనము అడుగము.

మన బీరంగూడకు దగ్గరలోనే, పటాన్‌చెరువునందు 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ యున్నది. అక్కడి శాస్త్రజ్ఞులును వంశమే చూతురు. తల్లి ఏది, తండ్రి ఏది, పోయిన కాలములో ఏ నేలమీద ఎట్లు నిలిచినది, వాన తక్కువైనప్పుడు ఓర్చుకొన్నదా అని జొన్నకును, సజ్జకును, కందికిని, శనగకును లెక్కలు వ్రాసికొందురు. ఎండు తెగులును తట్టుకొను 'ఆశ' అను కంది వంగడము అట్టి ఓపికవలన వచ్చినదే. చూచు కన్ను ఒక్కటే, వ్రాయు పుస్తకము ఒక్కటే. ఫలము మాత్రము వేరు. ఒకదానివలన వేలాది యిండ్లలో పప్పు ఉడుకుచున్నది. రెండవదానివలన ఒకని జేబు నిండుటకు పలువురి జేబులు ఖాళీ అగుచున్నవి.

నైపుణ్యము ఉన్నంత మాత్రమున వచ్చిన సొమ్ము కూలి కాదు. కూలి యనగా ఎదుటివానికి మేలు చేసి తీసికొనునది. మెదకులోని గొప్ప దేవాలయమును 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిరి. కరువు దినములలో పోస్నెట్ దొరగారు జనులకు ఊరక ధర్మము చేయక, ఆ గుడి కట్టు పనిలో పెట్టి అన్నము పెట్టిరని మన పెద్దలు చెప్పుకొందురు. ఆ కూలి తిన్నవారు బ్రదికిరి, గుడియు నిలిచినది. ఇరువైపుల మేలు కలిగినది. కూలికి గురుతు ఇదియే.

సహోదరుడు కొంతసేపు తలవంచుకొని, తరువాత మెల్లగా, "మరి అయ్యగారూ, మీరు గూడ పోయినేడు ప్లాటుకు బయానా ఇచ్చిన్రు గద. ఇల్లు కట్టుకోనీకా, ధర పెరిగినంక అమ్మనీకా?" అని అడిగెను.

ప్రియులారా, మేము ఈ మాటను దాచిపెట్టగలిగియుంటిమి. దాచుట న్యాయము కాదని వ్రాయుచున్నాము. మేము ఆ ప్లాటును కొనినది అమ్ముటకే. నేలను దున్నలేదు, గోడ కట్టలేదు, బావి త్రవ్వలేదు. మా తరువాత వచ్చు ఒక ఫ్యాక్టరీ కూలివాడు మాకంటె ఎక్కువ వెల యిచ్చునని మాత్రమే లెక్క వేసికొంటిమి. రహదారి ఎటు పడును, బస్సు ఎటు తిరుగును అని విచారించితిమి; అదియు ఒక ఫారమే గదా! ప్లాటు కొన్నవారందరును జూదగాండ్రని మేమనము. ఇల్లు కట్టుకొనువాడు, బిడ్డలకు నీడ చూచుకొనువాడు ధన్యుడు. కాని 'నాకు లాభము వచ్చినప్పుడు ఎదుటివానికి ఏమి మిగిలినది?' అను ప్రశ్న మలక్‌పేట కిటికీ దగ్గర ఎంత న్యాయమో, బీరంగూడ రిజిస్ట్రేషను కాగితము దగ్గరను అంతే న్యాయము. ఆ రాత్రి మేము అతనికి సమాధానము చెప్పలేదు. "నీవడిగినది సరియే" అని మాత్రము అంటిమి.

మరుసటి వారము మేము వారి యింటికి పోతిమి. అతడు తన నోటుపుస్తకమును చూపెను. గుఱ్ఱముల పేర్లు, అంకెలు, బరువులు, ముత్యములవంటి అక్షరములలో ఉండెను. మేము, "నాయనా, ఇందులో ప్రతి గుఱ్ఱముయొక్క గత ఐదు పరుగులున్నవి. నీ గత ఐదు ఆదివారములు ఎక్కడ ఉన్నవి?" అని అడిగితిమి.

అతడు పుటలు త్రిప్పెను. ఎక్కడను లేవు. అప్పుడు అతని భార్య వంటింటి గడప దగ్గర నిలిచి, "నా దగ్గర ఉన్నయి అయ్యగారూ" అనెను. గోడకు తగిలించిన సంఘపు క్యాలెండరును తీసికొని వచ్చెను. ఆదివారపు గడులలో పెన్సిలుతో చిన్న అంకెలు వ్రాసియుండెను. ఆమెకు రేసులు తెలియవు. ఉదయము చొక్కా జేబులో ఎంతయుండెను, రాత్రి ఎంత మిగిలెను, అంతమాత్రము వ్రాసికొనెను. ఐదు వారములలో ఒకసారి గెలిచెను. నాలుగు సారులు ఓడెను. గెలిచిన దినమున కోడి తెచ్చెను, బిడ్డకు గాజులు తెచ్చెను. అతనికి జ్ఞాపకమున్నది ఆ దినమొక్కటే. నర్సింగు చదువుచున్న పెద్దమ్మాయి రెండవ సంవత్సరపు ఫీజు కొరకు చిట్టీ ఎత్తిన సొమ్ము మిగిలిన నాలుగు గడులలో కరిగిపోయినది.

అతడు ఆ క్యాలెండరును చాలసేపు చూచెను. "గుర్రానికైతే ఈ ఫారం ఉంటే నేను రూపాయి గూడ పెట్టకపోదును" అనెను. ఆ మాట మేము అతనికి చెప్పలేదు, తానే చెప్పుకొనెను. మా ప్రసంగములన్నిటికంటె ఆ మాట ఎక్కువ పని చేసెను.

అతడు పూర్తిగా మారెనా అని మీరు అడుగుదురు. కొన్ని మాసములు మానెను. మధ్యలో ఒకసారి మరల పోయెను. తానే వచ్చి చెప్పెను. ఇప్పుడు క్యాలెండరు గడులలో పెన్సిలుతో వ్రాయువాడు అతడే. భార్య ప్రక్కన కూర్చుండి చూచును. అమ్మాయి ఫీజు సంఘములో ఇద్దరు ముగ్గురు చేయి వేయగా కట్టబడినది. అతడు ఓవరుటైము చేసి ఆ బాకీ తీర్చుచున్నాడు. మేమును ఆ ప్లాటు విషయమై ఒక తీర్మానమునకు వచ్చితిమి; ఇల్లు లేక వెదకుచున్న ఒక కుటుంబమునకు కొన్న వెలకే ఇచ్చివేసితిమి. గొప్పకు చెప్పుట లేదు. అడిగినవాడు అడుగకపోయినయెడల ఇచ్చియుండము.

పౌలు భక్తుడు కొరింథు వారికి వ్రాసినప్పుడు పందెపు రంగమును ఉపమానముగా తీసికొనెను. ఆ పట్టణమునకు దగ్గరలోనే గొప్ప క్రీడలు జరుగుచుండెను. గెలిచినవానికి వాడిపోవు ఆకుల కిరీటము పెట్టుచుండిరి. పౌలు వారిని ఏమి చేయుమనెను? బల్లలమీద కూర్చుండి ఎవడు గెలుచునో లెక్క వేయుమనలేదు. పరుగెత్తుమనెను. దేహమును నలుగగొట్టి, ఆశలను అదుపులో నుంచి, తానే బరువు మోసి పరుగెత్తువానిని మన ముందర పెట్టెను. ఇతరుని కాళ్లమీద మన బ్రదుకును పందెము కట్టుట ఆయన ఉపమానములో లేదు.

సిలువ క్రింద కూర్చుండి చీట్లు వేసిన సైనికులను జ్ఞాపకము చేసికొనుడి. వారి తలలు చీట్లవైపు వంగియుండెను. ఒకనికి అంగీ దొరకెను. తమ తలలపైన ఏమి జరుగుచున్నదో వారు చూడలేదు. జూదముయొక్క నష్టము జేబులోనిది మాత్రమే అయినయెడల ఇంత వ్రాయ నక్కరలేదు. అది మన కన్నును దించివేయును. గుఱ్ఱపు చర్మము నిగనిగను కనిపెట్టు కన్నుకు, ప్రక్కనున్న భార్య ముఖము వాడినది కనబడకుండ చేయును.

కాబట్టి ఈ మాసములో ప్రతి కుటుంబమును తమ యింటి క్యాలెండరును దించి, భార్యాభర్తలు కలిసి కూర్చుండి, ఆదివారపు గడులను చూచుకొనవలెనని కోరుచున్నాము. రేసులకు పోనివారును చూడుడి. సారా దుకాణము ఉండవచ్చును, ఫోనులో ఆట ఉండవచ్చును, వడ్డీ ఉండవచ్చును, ప్లాటు ఉండవచ్చును. గుఱ్ఱమును పరీక్షించునంత శ్రద్ధతో మనలను మనము పరీక్షించుకొందము.

ప్రభువా, నీవిచ్చిన కన్నును, లెక్కించు బుద్ధిని మా పొరుగువాని మేలుకొరకు వాడుకొను కృప మాకు దయచేయుము. ఇతరుల పరుగును చూచుటతో మా దినములు తీరిపోకుండ, మాకు నియమించిన పరుగును మమ్మును పరుగెత్తనిమ్ము. ఆమేన్.